సీటు కాగితం మీదికి ఎప్పుడొచ్చింది, మనదాకా ఎప్పుడొచ్చింది?

ఇంటర్న్‌షిప్ అంటే మొన్నమొన్న వచ్చిన ముచ్చట అనుకుంటం. పని జాగలోనే పని నేర్పే పద్ధతి మన ఓరుగల్లు దిక్కు పాతదే. అందులో మన తండాలు, గూడేలు ఎక్కడున్నయో చూద్దామని రాస్తున్నం. పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి.

1934లో నిజాం కాలంలో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు వచ్చింది. మిల్లు పని బడిలో వచ్చేది కాదు. మగ్గం పక్కన నిలబడి, పాత పనోడి చేతుల దిక్కు చూసి నేర్వాలె. ఆ మగ్గం దాకా తీసుకపోవడానికి ఎవరన్నా ఉండాలె గదా. ఏటూరునాగారం అడవి నుంచి వచ్చే కోయ పిల్లగానికి లోపల తెలిసినోళ్ళు ఎవరు?

గిరిజనుల్ని దృష్టిలో పెట్టుకొని శిక్షణ ప్లాన్ చేసింది ఆదిలాబాద్ అడవిలో. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన తర్వాత, గోండుల బాధలేందో తెలుసుకొనేందుకు నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో శిక్షణ కేంద్రం మొదలైంది. సర్కారుకు మన మీద ప్రేమ పుట్టి చేసిందని మేము అనుకోం, తిరుగుబాటు చేసిన పని అది. అయినా ప్లాన్ మాత్రం మెచ్చుకోవాలె. అక్షరాలు అంతంతమాత్రమే వచ్చిన గోండు యువకుల్ని తీసుకున్నరు. పాఠం గోండిలోనే చెప్పిన్రు, గోండి వాచకాలు దేవనాగరి లిపిలో తయారు చేసిన్రు. శిక్షణ అయినోళ్ళు గూడేల బడుల్లోనే పంతుళ్ళయిన్రు. అంటే నేర్పేటప్పుడే, నేర్చినోడు రేపు ఎక్కడ పనిచేస్తడో తెలుసు.

ఆ తర్వాత వచ్చింది 1961 అప్రెంటిస్ చట్టం. ఫ్యాక్టరీలు పిల్లల్ని తీసుకోవాలె, స్టైపెండ్ ఇయ్యాలె, కాంట్రాక్టు రిజిస్టర్ చేయాలె. మంచిదే. కానీ ఎస్సీ, ఎస్టీలకు సీట్లు కేటాయించే 3ఎ సెక్షన్ 1973 సవరణతోని గాని రాలేదు. తెలంగాణ లంబాడీలను ఎస్టీ జాబితాలో చేర్చిన చట్టం 1976ది. కోయ పిల్లగాడు పన్నెండేండ్లు ఆగిండు, తండా పిల్లగాడు అంతకన్నా ఎక్కువే. పైగా శిక్షణ అయినంక ఉద్యోగం ఇచ్చే బాధ్యత యజమానికి లేదని ఆ చట్టంలోనే రాసిన్రు. మార్లవాయికి, దీనికి తేడా ఇక్కడే.

మన ఏజెన్సీలోకే ఫ్యాక్టరీ వచ్చిన కాలం కూడా ఉంది. మంగపేట మండలం కమలాపురంలో రేయాన్స్ ఫ్యాక్టరీ 1981లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2014లో అది ఆగిపోయింది. ఫ్యాక్టరీ మూతపడితే కూలి ఒక్కటే పోదు, పక్కూరి పిల్లలు ఇంటి అన్నం తిని పని నేర్చే జాగ కూడా పోతది. దీని గురించి మాట్లాడినోళ్ళు తక్కువ.

ఇప్పుడు 2024 నుంచి ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఉంది. మొదలైనప్పుడు 21 నుంచి 24 ఏండ్ల వాళ్ళకు పెద్ద కంపెనీల్లో ఏడాది, నెలకు 5,000 రూపాయలు, మొదట్ల ఒకసారి 6,000 అని పెట్టిన్రు. అందులో కనీసం సగం కాలం క్లాసులో కూసోబెట్టకుండా అసలు పనిలో ఉంచాలని రూల్. రూల్ బాగుంది. తాడ్వాయి నుంచి హైదరాబాద్ పోయినోనికి ఆ 5,000 హాస్టల్‌కు, తిండికే అయిపోయేది, ఇంటి నుంచి తెప్పించుకోవాల్సి వచ్చేది.

మా గ్రూపులోనే ఒక తమ్ముడు ఒక కంపెనీల ఆరు నెలలున్నడు. పేరు రాయం. మెషీన్ దగ్గరికి పోనియ్యలే, డబ్బాలు మోయించిన్రు, చివర్ల సర్టిఫికెట్ చేతిల పెట్టిన్రు. నేర్పేటోడు ఎవరని అడిగితే ఆఫీసోళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరట.

అందుకే ఈసారి చేరేటోళ్ళు ముందే అడగండి: నేర్పేది ఎవరు, ఏ నెల ఏ పని, స్టైపెండ్ ఏ తారీఖు, ఉండుడు ఎక్కడ. కాంట్రాక్టు కాగితం ఫొటో తీసి పెట్టుకోండి. ఇప్పటికే చేసొచ్చిన అన్నలు, అక్కలు మీ అనుభవం కింద రాయండి, మంచిదైనా చెడ్డదైనా. తర్వాత పోయేటోళ్ళకు లోపల తెలిసినోళ్ళు మీరే.