అడిగే గొంతు పోయాక

ధర్మవరం నేతన్నను మరమగ్గం ముంచిందని ముదిగుబ్బలో అడిగినా, హిందూపురంలో అడిగినా చెబుతారు. నిజమే. కానీ అంతకుముందే ఇంకొకటి జరిగింది. తన కష్టం సర్కారు చెవిన వేసే సంఘబలం అతని చేజారింది. నాకు ఎక్కువ దుఃఖం కలిగించేది అదే.

ఒకప్పుడు ఆ బలం చిన్నది కాదు. 1915లో నిడుబ్రోలులో పుట్టిన ప్రగడ కోటయ్య నేతపనివాళ్లను సహకార సంఘాల్లో కూడగట్టి, వాళ్ల మాటను శాసనసభకు, ఆ తర్వాత రాజ్యసభకు తీసుకెళ్లారు. 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. మగ్గం ఎరిగినవాళ్లు అధికారుల ఎదుట కూర్చుని నూలు గురించీ, అమ్మకాల గురించీ మాట్లాడే చోటు దొరికింది. ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా 1985లో చేనేతకు రిజర్వేషన్ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది 22 రకాల వస్త్రాలను చేతిమగ్గం మీదే నేయాలని కేంద్రం ప్రకటించింది.

మరమగ్గాల యజమానులూ ఊరుకోలేదు. వాళ్లకీ సంఘాలున్నాయి, లాయర్లున్నారు. కోర్టుకెక్కి స్టేలు తెచ్చుకున్నారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తేల్చింది. నేతన్న గెలిచాననుకున్నాడు. 1995లో కోటయ్య కన్నుమూశారు. 1996లో ఆ 22 రకాలు 11కు కుదించుకుపోయాయి.

ఆ పదకొండింటిలో మొదటి పేరు చీర. అది ఎలా తయారవుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. గుంటలో కాళ్లు దించి కూర్చున్న మనిషి నాడె విసురుతూ ఒక్కో పోగూ నేస్తాడు. పడుగులో ఒక పోగు తెగితే ఆపి, వంగి వెతికి, వేళ్లతో నలిపి అతుకుతాడు. వానలకు గుంటలో నీరు ఊరితే ఆ రోజు పని లేదు, కూలీ లేదు. జరీ అంచుకీ, పల్లూకీ రోజులకు రోజులు పడతాయి. అదే డిజైన్‌ను మరమగ్గం గంటల్లో దించేస్తుంది. సంతలో రెండూ పక్కపక్కనే వేలాడుతుంటే కొనేవాళ్లకు తేడా తెలియదు.

చట్టం ఉన్నా సాగే ఈ మరమగ్గం నకళ్లను ఆపమని గట్టిగా అడగాల్సింది సహకార సంఘాలే. అవి లోపల్నుంచే డొల్లయ్యాయి. షావుకారు దగ్గర పట్టు తెచ్చుకుని కూలికి నేసే మనిషికి సొసైటీలో పేరుంది గానీ మాట లేదు. ఎన్నికలు లేకుండా ఇన్‌ఛార్జిల చేతుల్లో నడిచిన సొసైటీ పాలకుల ముందు ఏ మొహంతో నిలబడుతుంది? హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ అంత దగ్గర్లోనే ఉన్నా, పట్టు ధర మీద నేతగాడికి ఏనాడూ పట్టు చిక్కలేదు. వినతిపత్రాలు, ధర్నాలు మిగిలాయి.

2020 జూలై 27న చేనేత బోర్డును కేంద్రం రద్దు చేసింది. సరిగ్గా పదకొండు రోజులకు జాతీయ చేనేత దినోత్సవం వచ్చింది. నేతన్న గొప్పదనం గురించి ఉపన్యాసాలు ఎప్పటిలాగే సాగాయి. నేతన్న మాట వినడానికి ఉన్న ఆ ఒక్క చోటూ అప్పటికే మూతపడింది.

1987-88 జాతీయ లెక్కల్లో నేతపనివాళ్లు, అనుబంధ పనులవాళ్లు కలిపి 67.39 లక్షలు. 2019-20 నాటికి 35.22 లక్షలు. కనిపించకుండా పోయిన ఆ లక్షల మందిలో మన ధర్మవరం పేటల వాళ్లూ ఉన్నారు.

1985 చట్టం మాత్రం ఇంకా పుస్తకంలో ఉంది. చట్టం తనంతట తాను ఎవరినీ కాపాడదు. దాన్ని అమలు చెయ్యమని ఆఫీసుల చుట్టూ తిరిగి, నిలదీసి, కోర్టుకెక్కి, విసుగు లేకుండా వెంటపడేవాళ్లు ఉండాలి. ధర్మవరంలో ముందు కూలింది ఆ సంఘమే. మగ్గం ఆ తర్వాత కూలింది. మళ్లీ మగ్గం లేవాలంటే ముందు సంఘమే లేవాలి, అదీ కూలికి నేసే మనిషి చేతుల మీదుగా.