పోర్టు వెనకాల ఎవరు?

సర్వర్ రూంలోకి అడుగు పెట్టగానే ఫ్యాన్ల హోరు. పక్కవాడితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. ర్యాక్ వెనక్కి వెళ్లి ఒంగి చూస్తే ఒకే మెషీన్‌కి ఎనిమిది నెట్‌వర్క్ పోర్టులు. బోర్డు మీదివి నాలుగు, పక్కన గుచ్చిన కార్డువి నాలుగు. అన్నిట్లోనూ నీలం కేబుళ్లే. వాటిలో ఒకటి ఉండుండి లింకు వదిలేస్తోంది. ఏది?

ల్యాప్‌టాప్ తెరిచి ఎస్‌ఎస్‌హెచ్‌లో లోపలికి వెళ్తారు. ‘ఐపీ లింక్’ కొట్టగానే పేర్లు బారులు తీరతాయి: ఎల్ఓ, ఈఎన్ఓ1, ఈఎన్ఓ2... ఇంకా కిందికొస్తే ఈఎన్‌పీ4ఎస్0ఎఫ్2. లింకు పోతోందన్న ఫిర్యాదు దీని మీదే. వెనకటికి ఈథ్0, ఈథ్1 అని ఉండేవి. రీబూట్ చేస్తే అవి తారుమారైనా అడిగే దిక్కు లేదు. 2013లో సిస్టమ్‌డీ కొత్త పద్ధతి తెచ్చాక పేరులోనే చిరునామా ఉంటోంది: బస్ నాలుగు, స్లాట్ సున్నా, ఫంక్షన్ రెండు. చూడ్డానికి వికారంగా ఉన్నా నాకిదే నయం. అలాగని పేరొక్కదాన్నే నమ్మకండి, ఎవరైనా అడ్మిన్ మార్చేసి ఉండొచ్చు.

‘ఈథ్‌టూల్ -ఐ’ కొట్టి పక్కన ఆ పేరు ఇవ్వండి. డ్రైవర్: ఐజీబీ. బస్ ఇన్ఫో: 0000:04:00.2. చాలామంది డ్రైవర్ పేరు చూసి ఇక్కడే ఆగిపోతారు. ఐజీబీ నడిపే ఇంటెల్ గిగాబిట్ చిప్పులు చాలా ఉన్నాయి. మన చిప్పు ఏదో చెప్పేది ఆ చిరునామాయే.

‘ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే -ఎస్ 04:00.2’. దొరికింది: ఇంటెల్ ఐ350, 8086:1521. కోలన్‌కి ముందుది తయారీదారు నంబరు, తర్వాతది చిప్పుది. 1978 నాటి తమ ప్రాసెసర్ నంబరే ఇంటెల్‌కి ఇక్కడ ఇంటిపేరైంది, చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. కింది వరుసలో కెర్నెల్ వాడుతున్న డ్రైవర్ కూడా ఐజీబీయే. సరిపోయింది. ఇదే పని ఈఎన్ఓ1కి చేయండి: బ్రాడ్‌కామ్ బీసీఎం5720, 14ఈ4:165ఎఫ్, డ్రైవర్ టీజీ3. ఒకే పెట్టెలో రెండు కంపెనీలు, రెండు డ్రైవర్లు. మూత మీద స్టిక్కర్ చదివి డ్రైవర్ దింపుకునేవాళ్లను ఏమనాలి?

‘ఐపీ లింక్’ జాబితాలో డాకర్0 కూడా ఉంది. దాని జోలికి పోనక్కర్లేదు, కింద చిప్పే లేదు. అందుకే ‘/సిస్/క్లాస్/నెట్’లో దాని పేరు కింద ‘డివైస్’ లింకు కనిపించదు.

చిప్పు తెలిసింది సరే, కార్డుకున్న నాలుగు పోర్టుల్లో ఏది? ఎడమ నుంచి లెక్కపెట్టి మూడోది అనుకోవద్దు, కార్డు తిరగేసి ఎక్కించే మెషీన్లున్నాయి. ‘సుడో ఈథ్‌టూల్ -పీ’, పక్కన అదే పేరు, చివర 30. ఎంటర్ కొట్టి ర్యాక్ వెనక్కి పరుగెత్తండి, ఉన్నది ముప్పై సెకన్లే. మిగతా దీపాలు ట్రాఫిక్‌ని బట్టి ఎలా పడితే అలా మిణుకుతుంటే, కార్డులో ఒక్క పోర్టు దీపం మాత్రం లయ తప్పకుండా ఆరి వెలుగుతోంది. ఆ కేబుల్ క్లిప్పు నొక్కి లాగండి. ‘డీమెస్గ్ -డబ్ల్యూ’ నడుస్తున్న స్క్రీన్‌లో మూడూ ఒకే వరుసలో పడతాయి: ఐజీబీ, 0000:04:00.2, ఈఎన్‌పీ4ఎస్0ఎఫ్2. చివర, లింక్ డౌన్. ఇక కొత్త కేబుల్ గుచ్చండి.