వారానికి పది శాతం: దూరపు పరుగులో ఒక సూత్రం, దాని ఆధారాలు

దూరపు పరుగుకు సిద్ధమయ్యేవారు మొదట వినే సలహాల్లో ఒకటి: ఈ వారం పరుగెత్తిన మొత్తం దూరాన్ని వచ్చే వారం పది శాతానికి మించి పెంచకూడదు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద తెల్లవారుజామున పరుగెత్తే బృందాల్లోనూ, అమెరికా రన్నింగ్ పత్రికల్లోనూ ఈ మాట దాదాపు ఒకే రూపంలో వినిపిస్తుంది. ఇన్ని చోట్ల వినిపించే మాటకు గట్టి ఆధారం ఉండే ఉంటుందని అనుకోవడం సహజం. ఆ ఆధారం ఎంత గట్టిదో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. మొదట పుట్టుక సంగతి. ఈ సూత్రాన్ని సాధారణంగా అమెరికన్ వైద్యురాలు, మారథాన్ రన్నర్ జోన్ ఉలియట్‌కు ఆపాదిస్తారు. ఆమె 1980లో వెలువరించిన ‘రన్నింగ్ ఫ్రీ’ పుస్తకాన్ని మూలంగా చూపుతారు. రచయిత జో హెండర్సన్ ద్వారా అది పత్రికల్లోకి వ్యాపించిందని చెబుతారు. ఈ ఆపాదన సరైనదే అనుకున్నా ఒక విషయం గమనించాలి. పది శాతం అన్న హద్దును రన్నర్లను రెండు జట్లుగా విడదీసి పరీక్షించిన ప్రసిద్ధ ప్రయోగం 2008లో గానీ వెలువడలేదు. అంటే సూత్రం ముందు వచ్చింది, పరీక్ష సుమారు మూడు దశాబ్దాల తర్వాత వచ్చింది.

అంతమాత్రాన దాన్ని ఊహ అని కొట్టిపారేయడం న్యాయం కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఫ్రాంక్ షార్టర్ మారథాన్ స్వర్ణం గెలిచాక అమెరికాలో పరుగు సామాన్యుల వ్యాయామంగా మారింది. ఏళ్ల తరబడి కుర్చీకి అతుక్కుపోయినవారు రోడ్డెక్కారు. వారికి కావలసింది కళ్లెం. అంతకుముందు నాటి శిక్షణ సంప్రదాయం వేరు. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యుల చేత వారానికి 100 మైళ్లు, అంటే సుమారు 160 కిలోమీటర్లు, పరుగెత్తించాడు. 800 మీటర్ల రన్నర్ పీటర్ స్నెల్‌కు కూడా మినహాయింపు ఇవ్వలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలో ఒకే రోజున స్వర్ణాలు సాధించారు. పది శాతం సూత్రం ఇలాంటి ఎంపికైన అథ్లెట్ల అనుభవం నుంచి కాక, గాయపడుతున్న సామాన్యులను చూసిన అనుభవం నుంచి వచ్చి ఉంటుందని అనుకోవడానికి వీలుంది.

2. లెక్క పరంగా సూత్రానికి ఒక ఇబ్బంది ఉంది. వారానికి 5 కిలోమీటర్లు పరుగెత్తే వ్యక్తికి పది శాతం అంటే అర కిలోమీటరే. 60 కిలోమీటర్లు పరుగెత్తే వ్యక్తికి అది 6 కిలోమీటర్లు. ఒకే శాతం ఒకరికి అతి జాగ్రత్త, మరొకరికి పెద్ద పెంపు కావచ్చు. పైగా ఇది చక్రవడ్డీ. 10 కిలోమీటర్లతో మొదలుపెట్టి ప్రతి వారం పది శాతం పెంచితే ఎనిమిది పెంపుల తర్వాత అది 21 కిలోమీటర్లు దాటుతుంది. ఏడాదిపాటు ఆపకుండా పెంచితే వారానికి 1,400 కిలోమీటర్లు మించుతుంది. ఎవరూ అలా చేయరు. కాబట్టి సూత్రాన్ని పాటిస్తున్నామనే వారు కూడా ఎక్కడో ఒకచోట దాన్ని వదిలి తమ అంచనాను నమ్ముకుంటున్నారనే అర్థం.

3. ఇక ప్రయోగం. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఇడా బైస్ట్ బృందం 532 మంది కొత్త రన్నర్లను రెండు జట్లుగా చేసింది. అందరి లక్ష్యం నాలుగు మైళ్ల పరుగు. ఒక జట్టుకు పది శాతం సూత్రం ఆధారంగా 13 వారాల శిక్షణ, రెండో జట్టుకు మామూలుగా ఇచ్చే 8 వారాల శిక్షణ. కనీసం ఒక వారం పరుగుకు అడ్డుపడిన కాలి లేదా నడుము నొప్పిని గాయంగా లెక్కించారు. నెమ్మదిగా పెంచిన జట్టులో 20.8 శాతం మంది, రెండో జట్టులో 20.3 శాతం మంది గాయపడ్డారు. తేడా లేదనే చెప్పాలి.

దీని నుంచి ‘ఎంత వేగంగా పెంచినా ఫర్వాలేదు’ అని తేల్చడం మాత్రం తొందరపాటు. రెండు జట్లదీ తక్కువ దూరమే. మారథాన్ శిక్షణలో ఏం జరుగుతుందో ఈ ప్రయోగం చెప్పదు. 2014లో రాస్మస్ నీల్సన్ బృందం 874 మంది కొత్త రన్నర్లపై ప్రచురించిన పరిశీలనలో, దూరాన్ని 30 శాతానికి మించి పెంచినవారికి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, ముంగాలి ఎముక నొప్పి వంటి కొన్ని రకాల గాయాలు ఎక్కువగా ఉండవచ్చన్న సూచన కనిపించింది. అయితే అది గణాంకపరంగా నిర్ధారణ అనదగ్గ స్థాయిని అందుకోలేదు. గాయాలన్నిటినీ కలిపి చూస్తే తేడా స్పష్టంగా లేదు.

4. శరీర శాస్త్రం వైపు నుంచి నెమ్మదితనానికి కొంత మద్దతు దొరుకుతుంది, కానీ ‘పది’ అన్న అంకెకు కాదు. 1967లో జాన్ హాలోజీ ట్రెడ్‌మిల్‌పై పరుగెత్తించిన ఎలుకల కండరాల్లో మైటోకాండ్రియా ఎంజైముల సామర్థ్యం కొన్ని వారాల శిక్షణతోనే సుమారు రెట్టింపైంది. రక్తంలోని ప్లాస్మా పరిమాణం కొద్ది రోజుల్లోనే పెరుగుతుంది. ఎముక అలా కాదు. పాత ఎముకను తొలగించే దశకు కొన్ని వారాలు, కొత్తది కట్టే దశకు కొన్ని నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఆ చోటు బలహీనంగా ఉండవచ్చు. మడమ వెనుక ఉండే అకిలిస్ టెండన్ సంగతి మరీ విచిత్రం. 1955-63 నాటి అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14ను ఆధారం చేసుకుని 2013లో డెన్మార్క్ పరిశోధకులు చూస్తే, టెండన్ మధ్యభాగం సుమారు 17 ఏళ్ల వయసు తర్వాత దాదాపు మారడం లేదని తేలింది. వ్యాయామంతో టెండన్ గట్టిపడదని దీని అర్థం కాదు. కండరంలా త్వరగా పునర్నిర్మాణం కాదని మాత్రం అనుకోవచ్చు. రెండు నెలల్లో ఆయాసం తగ్గిన రన్నర్, ఎముకలు కూడా అంతే సిద్ధమయ్యాయని నమ్మితే ఆ నమ్మకానికి ఆధారం తక్కువ.

5. ఈ నేపథ్యంలో 2025లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనాన్ని కాస్త నిదానంగా చూడాలి. 5,205 మంది రన్నర్ల గార్మిన్ వాచీల సమాచారాన్ని 18 నెలలపాటు సేకరించారు. వారంవారీ పెంపుకూ గాయానికీ సంబంధం కనిపించలేదు. సంబంధం కనిపించింది మరో కొలతలో: గత 30 రోజుల్లో పరుగెత్తిన అతి పొడవైన పరుగు కన్నా ఈరోజు పరుగు ఎంత ఎక్కువ అన్నదానిలో. పది శాతం లోపు ఉన్న పరుగులతో పోలిస్తే, 10-30 శాతం మించితే గాయాల రేటు 64 శాతం ఎక్కువ. 30-100 శాతం మించితే 52 శాతం ఎక్కువ. రెట్టింపు దాటితే 128 శాతం ఎక్కువ.

ఒక ఉదాహరణ. వారానికి 30 కిలోమీటర్లు, అందులో ఆదివారం 12 కిలోమీటర్లు పరుగెత్తే వ్యక్తి వచ్చే వారం మొత్తం 33కే పరిమితమై, ఆదివారం మాత్రం 20 పరుగెత్తాడనుకుందాం. పాత సూత్రం ప్రకారం అతడు క్రమశిక్షణ తప్పలేదు. కొత్త కొలత ప్రకారం ఒక్క పరుగులోనే 67 శాతం మించాడు.

ఈ ఫలితాన్ని స్వీకరించేటప్పుడు మూడు అభ్యంతరాలు గుర్తుంచుకోవాలి. (అ) ఇది పరిశీలన, ప్రయోగం కాదు; గాయాలను రన్నర్లే నమోదు చేశారు. (ఆ) 64 తర్వాత 52 రావడం క్రమానికి విరుద్ధం. ఈ రెండు అంచనాల అనిశ్చితి హద్దులు ఒకదానిపై ఒకటి పడతాయి గనుక నిజమైన తేడా ఉందని చెప్పలేం. కానీ మోతాదు పెరిగేకొద్దీ హాని సాఫీగా పెరుగుతుందనీ చెప్పలేం. (ఇ) అన్నిటికన్నా ముఖ్యం: పది శాతం అన్న హద్దు సమాచారం నుంచి దానంతటది తేలింది కాదు, వర్గాలను విడదీయడానికి పరిశోధకులు ఎంచుకున్న గీత. ఆ ఎంపిక మీద పాత సూత్రం నీడ ఉండి ఉండవచ్చు. కాబట్టి అదే అంకె మళ్లీ కనిపించడాన్ని ఉలియట్ సూత్రానికి స్వతంత్ర ధ్రువీకరణగా భావించడం సరికాదు.

వారం లెక్క కన్నా లాంగ్ రన్ లెక్కకే ఆధారం మెరుగ్గా ఉందని ఇప్పటికి అనవచ్చు. దాన్ని కూడా ఉల్లంఘించరాని నియమంగా తీసుకుంటే మారథాన్ దగ్గరే చిక్కు వస్తుంది. చాలా శిక్షణ ప్రణాళికల్లో అతి పొడవైన పరుగు సుమారు 32 కిలోమీటర్లు, అదీ పోటీకి మూడు వారాల ముందు. పోటీ దూరం 42.195 కిలోమీటర్లు. అంటే ప్రణాళికను తు.చ. తప్పకుండా పాటించిన రన్నర్ కూడా పోటీ రోజున దాదాపు 32 శాతం మించే పరుగెత్తుతాడు.