గ్రంథపాతము



మా తాతగారు ఉంగుటూరులో మామిడికాపు ముగిసిన తీరిక దినములలో తాటియాకు గ్రంథములను కాగితములకెక్కించుచుండెడివారు. పురుగు తిని పత్రము తెగినచో ‘గ్రంథపాతము’ అని గుర్తు వ్రాసి లేచెడివారు. నేడు నేను చెప్పబోవు లేఖకునికి అట్లు లేచిపోవు స్వాతంత్ర్యము లేదు.

ప్రతి జీవకణమునందును రైబోసోమను యంత్రము గలదు. డి.ఎన్.ఏ. యనెడి మూలగ్రంథమునకు ప్రతి దూత ఆర్.ఎన్.ఏ. దానిని మూడేసి యక్షరముల వంతున చదువుచు రైబోసోము అమైనో ఆమ్లములను గ్రుచ్చి మాంసకృత్తులను కట్టును. చివర ‘సమాప్తము’ అను సంకేతము కనబడిననే కట్టినదానిని విడిచి తాను దిగును. ప్రతి తెగి యా సంకేతము పోయినచో? కదలదు, విడువదు. వెనుక వచ్చునవియు నిలిచిపోవును, ఇరుకు వంతెనపై ఇరుసు విరిగిన బండి వెనుక మామిడికాయల బండ్లవలె. అట్టివి పెరిగినకొలది కణమునకు ప్రాణాపాయమే.

దీని పరిష్కారము తెలిసిన కథ చిత్రమైనది. మన ప్రేగులలో నివసించు ఎషెరీషియా కోలై యను బాక్టీరియములో ఒక చిన్న ఆర్.ఎన్.ఏ. గలదని 1979లోనే ప్రకటించిరి. దాని పని యేమో బోధపడలేదు. 1995లో కొందరు శాస్త్రజ్ఞులు ఎలుక మాంసకృత్తునొకదానిని ఆ బాక్టీరియముచే చేయించి చూడగా, తెగిన తునకల తుదిని మూలములో లేని 11 అమైనో ఆమ్లముల తోక కానవచ్చెను. అందు 10 ఆ అనామక ఆర్.ఎన్.ఏ.లో వ్రాయబడియున్నవే! 1996లో అమెరికాలో కైలర్, వాలర్, సాయర్ అనువారు మర్మము విప్పిరి. ఆ ఆర్.ఎన్.ఏ. ఒక కొసన అమైనో ఆమ్లమును మోసికొనివచ్చును. వేరొక భాగమున తానే చిన్న పత్రము. అది చిక్కుకొన్న రైబోసోమున జొరబడగా, తెగిన పత్రము తొలగి యీ పత్రము చదువబడును. దీని చివర సమాప్త సంకేతము గలదు, లేఖకుడు విముక్తుడగును. ఇక ఆ తోక, ఇది చెడిన ప్రతి, చింపివేయుడను గుర్తు. దానిని పట్టుకొని కొన్ని ఎంజైములు తునకను నుగ్గుచేయును. మా తాతగారి గుర్తు చదువరికి హెచ్చరిక మాత్రమే. ఈ గుర్తు శిక్షయు నగును. ఈ ఆర్.ఎన్.ఏ.ను తీసివేసినను కోలై బ్రతుకును. రెండవ కాపరి యొకడు గలడని 2010లో జపానులో చూపిరి.

తప్పులు దిద్దు విద్యపై మన హైదరాబాదు సీసీఎంబీలోను పరిశోధన జరిగినది. మాంసకృత్తులలో అమైనో ఆమ్లముల వామరూపమే చేరవలెను; దక్షిణరూపము చేరకుండ తొలగించు ఎంజైము పనితీరును శంకరనారాయణన్ గారి బృందము 2013లో వెల్లడించెను. ఈ శాఖలో చేసిన కృషికి ఆయనకు 2020లో ఇన్ఫోసిస్ బహుమానము లభించినది.

రైబోసోమును కావలెనని ఆపుటయు వైద్యమే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనశాలకు నాయకులై యుండగా, 1948లో అచ్చటినుండి ఆరియోమైసిన్ వెలువడెను. మట్టిలోని సూక్ష్మజీవినుండి దానిని కనుగొన్న డగ్గర్ ఆచార్యపదవినుండి విరమించిన పిమ్మటనే అచ్చట చేరినవాడు. (నావంటి వారికి ఇది మిక్కిలి ఇంపైన వార్త!) సుబ్బారావుగారు ఆ యేడే కన్నుమూసిరి. ఆ మందు బాక్టీరియపు రైబోసోమునకు అంటుకొని, కొత్త అమైనో ఆమ్లము వచ్చి కూర్చుండకుండ చేయును. కాని కొన్ని బాక్టీరియములు ఆ మందును రైబోసోమునుండి పెకలించు మాంసకృత్తును సంపాదించుకొన్నవి. మా యూర జ్వరము తగిలిన రెండు మాత్రలు మింగి, మూడవది గూటిలో దాచువారు నేటికిని గలరు.