సంచి గోడకు పూతే ప్రాణం



బరంపురం మొదలు బళ్ళారి దాకా, మట్టిగోడల ఇళ్ళలో మసలినవారికి ఒక సంగతి తెలుసు. గోడ కట్టడం ఒక్కసారి పని. అలకడం, పూయడం ఏటేటా పని. వానలు వెలిశాక ఆడవాళ్ళు ఎర్రమట్టి, పేడ కలిపి అలికితేనే ఆ గోడ మరో ఏడు నిలిచేది. ఈ పాఠం ఇరవయ్యో శతాబ్దంలో మట్టి సంచుల ఇళ్ళకూ అక్కరకు వచ్చింది.

మట్టి నింపిన సంచులు చాలాకాలం యుద్ధరంగంలో కందకాల అంచున, వరద గట్లమీద కనిపించాయి. పని తీరితే తీసివేసేవే గనుక వాటికి పూత అవసరం పడలేదు. 1976లో గ్వాటెమాలా భూకంపంలో సుమారు 23 వేల మంది మరణించారు. జర్మనీలోని కాసెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు గెర్నోట్ మింకే బృందం 1978లో అక్కడ ఒక నమూనా ఇల్లు కట్టింది. పొడవాటి నూలు సంచుల్లో అగ్నిపర్వతపు తేలికమట్టి నింపి గోడలుగా పేర్చారు. గుడ్డ చివికిపోకుండా సున్నపునీటిలో నానబెట్టారు. గోడకు రెండుసార్లు సున్నం పూశారు.

ఇరాన్‌లో పుట్టిన వాస్తుశిల్పి నాదిర్ ఖలీలీ ఈ విద్యకు కొత్త రూపమిచ్చాడు. పొడవాటి సంచులను చుట్టలుగా పేర్చి, వరుసకూ వరుసకూ మధ్య ముళ్ళతీగ పరచి, గుమ్మటాలు లేపాడు. ఆయన సంస్థ 1991లో కాలిఫోర్నియాలోని హెస్పీరియాలో మొదలైంది. 1995లో ఇరాన్‌లోని ఖూజిస్తాన్‌లో ఈ పద్ధతిలో శరణార్థులకు ఇళ్ళు లేచాయి. ఈ పనికి 2004లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం లభించింది. ఆ ఏటి పురస్కార సభ జరిగింది మన ఢిల్లీలోనే, హుమాయూన్ సమాధి ఆవరణలో.

ఇప్పుడు అసలు చిక్కు. ఖాళీ ఎరువుల సంచిని పెరట్లో ఎండకు కొన్ని నెలలు వదిలేసి చూడండి, పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. ఈ ఇళ్ళకు ఎక్కువగా వాడే ప్లాస్టిక్ సంచీ అంతే. లోపల వట్టి ఇసుక ఉంటే, సంచి చిరిగిన రోజున గోడే కారిపోతుంది. అందుకే గోడ లేచిన వెంటనే పూత పడాలి.

అయితే నున్నటి ప్లాస్టిక్ మీద పూత పట్టదు. కోళ్ళ దడికి కట్టే ఇనుప జాలీ బిగించి, ముందు సంచుల మధ్య పల్లాలను మట్టిముద్దతో పూడ్చి, అది ఆరాక పైపూత వేస్తారు. బంకమట్టి ఎక్కువైతే బీటలు వారుతుంది. ఇసుక, తరిగిన గడ్డి కలిపితే నిలుస్తుంది. సిమెంటు పూత గట్టిదే కాని, మట్టిలోని చెమ్మను బయటకు పోనివ్వదు, కొన్నాళ్ళకు పెచ్చులూడుతుంది. సున్నపు పూత గోడను ఊపిరి పీల్చనిస్తుంది. ఖలీలీ పైపూతను నున్నగా రుద్దక, చిన్నచిన్న ముద్దలుగా అతికించే పద్ధతి కూడా వాడాడు. ఎండకు సాగినా, చలికి ముడుచుకున్నా, బీట ముద్దల మధ్య గీతల్లోనే ఆగిపోతుంది.

2015 ఏప్రిల్‌లో నేపాల్ భూకంపం వచ్చింది. ఎన్నో రాతి ఇళ్ళు కూలిన చోట కొన్ని సంచి కట్టడాలు నిలిచాయి. వాటిలో పగిలింది ఎక్కువగా పూతే. పూత పగిలితే మళ్ళీ పూసుకోవచ్చు. ఇల్లు కూలితే పోయిన ప్రాణాలు తిరిగిరావు.

కొత్త పద్ధతిలో ఇల్లు కట్టేవారికైనా మన అవ్వల పాత అలవాటే దిక్కు: ఏడాదికోసారి గోడ చుట్టూ తిరిగి, బీట కనబడిన చోట వెంటనే పూయడం.