షేర్డ్ డ్రైవ్: కొత్త విండోస్‌లో తెరుచుకోని సమస్య, దాని చరిత్ర

ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను అదే నెట్‌వర్క్‌లోని మిగతా కంప్యూటర్లు సొంత డ్రైవ్‌లా వాడుకునే ఏర్పాటు షేర్డ్ డ్రైవ్. విండోస్‌లో దీన్ని నడిపించేది సర్వర్ మెసేజ్ బ్లాక్, క్లుప్తంగా ఎస్‌ఎంబీ అనే ప్రోటోకాల్. కొత్త విండోస్ వేసిన మర్నాడే పాత డ్రైవ్ తెరుచుకోకపోతే చాలామంది వైరునో రూటర్‌నో అనుమానిస్తారు. చాలాసార్లు తేడా అక్కడ ఉండదు. పాత యంత్రం మాట్లాడే ఎస్‌ఎంబీతో మాట్లాడడానికి కొత్త యంత్రం ఒప్పుకోదు.

ఎస్‌ఎంబీని 1983లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపొందించాడు. తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని పెంచి పెద్దచేసింది. 1992లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ యూనిక్స్ యంత్రాలకూ ఈ భాష నేర్పే సాంబాను వెలువరించాడు. ఎస్, ఎం, బీ అక్షరాలున్న మాట కోసం నిఘంటువు వెతికితే ఆ పేరు దొరికింది. నేటి నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెల్లో చాలావాటి లోపల ఉన్నది సాంబాయే.

విండోస్ విస్టాతో ఎస్‌ఎంబీ రెండో వెర్షన్, 2012లో విండోస్ 8తో మూడోది వచ్చాయి. అంతకుముందటి విండోస్ ఎక్స్‌పీకి మాత్రం మొదటిదే తెలుసు. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మద్దతు ఆగినా, పేజ్‌మేకర్ కోసమో అను ఫాంట్లతో కూర్చిన పాత ఫైళ్ల కోసమో దాన్ని అట్టిపెట్టుకున్న డీటీపీ సెంటర్లు మన ఊళ్లలో ఉన్నాయి.

2017 మే 12న వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ వచ్చింది. ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపం గుండా ఒక యంత్రం నుంచి మరొకదానికి పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. సుమారు 150 దేశాల్లో నష్టం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, కృష్ణా, చిత్తూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లకు ఇది సోకినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ లోపానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. దాన్ని వేసుకోని యంత్రాలే దెబ్బతిన్నాయి.

ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి మైక్రోసాఫ్ట్ మొదటి ఎస్‌ఎంబీని విండోస్‌లోంచి తీసేయడం మొదలుపెట్టింది. అప్‌గ్రేడ్ చేసిన హోమ్, ప్రో యంత్రాల్లో 15 రోజులు వాడకపోతే దానంతట అదే తొలగిపోతుంది. 2024 నాటి విండోస్ 11 24హెచ్2 మరో అడుగు వేసింది: ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని ఆపి, ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం అడుగుతోంది.

డ్రైవ్ తెరుచుకోనప్పుడు ముందు, ఫోల్డర్ ఉన్న యంత్రం పేరుతో కాక దాని ఐపీ చిరునామాతో ప్రయత్నించాలి. రెండు బ్యాక్‌స్లాష్‌లు (\\) కొట్టి ఆ అంకెలు వేస్తే తెరుచుకుందంటే డ్రైవ్ బాగానే ఉంది, పేరు వెతికే పద్ధతే పోయింది. నెట్‌వర్క్ కంప్యూటర్ల జాబితా తయారుచేసే పాత సేవ మొదటి ఎస్‌ఎంబీ మీదే ఆధారపడేది, దానితోపాటే వెళ్లిపోయింది. అంకెలతోనూ రాకపోతే నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్‌లో ఉందేమో చూసి ప్రైవేట్‌కు మార్చాలి. ఆపైన, ఫోల్డర్ ఉన్న యంత్రంలో పాస్‌వర్డ్‌తో యూజర్‌ను సృష్టించి ఆ పేరుతో లోపలికి రావాలి. లాగిన్‌కు వాడే పిన్ ఇక్కడ పనిచేయదు. అది ఆ ఒక్క యంత్రానిదే. చాలామంది గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

మొదటి ఎస్‌ఎంబీని తిరిగి ఆన్ చేసే వీలు కంట్రోల్ ప్యానెల్‌లోని విండోస్ ఫీచర్లలో ఇప్పటికీ ఉంది. టిక్ పెడితే డ్రైవ్ వెంటనే తెరుచుకోవచ్చు, కానీ వాన్నాక్రై నడిచిన దారి అదే. స్టోరేజ్ పెట్టె అయితే దాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. ఎక్స్‌పీ అయితే ఫైళ్లను కొత్త యంత్రంలోకి తెచ్చుకుని, పాతదాన్ని నెట్‌వర్క్ నుంచి విడదీయండి.