కాశీ వీరన్న: చెన్నపట్టణపు తెలుగు వర్తకుని వ్యూహము

17వ శతాబ్దమున కోరమాండల్ తీరపు బట్టల వర్తకము విదేశీయుల ఓడలపై సాగినను, దాని ఆయువుపట్టు స్వదేశ వర్తకుల చేతులలోనే యుండెను. పోటీదారుల బలాబలములను తూచి అడుగు వేయుటలో ఆనాటి తెలుగు వర్తకులు ఎవరికిని తీసిపోలేదనుటకు కాశీ వీరన్న చరిత్రము నిదర్శనము.

చెన్నపట్టణపు పుట్టుకయే పోటీఫలము. డచ్చివారు 1613లో పులికాటున కోట నిర్మించిరి. దానికి ఉత్తరమున దుర్గరాజపట్టణమునందలి ఇంగ్లీషువారి స్థావరము బట్టల కొనుగోలుకు అంతగా అనుకూలింపలేదు. 1639లో ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు వచ్చి, ఇచ్చట బట్టలు నూటికి 20 వంతులు చౌకయని తెలిసికొని, దామర్ల వారి అనుమతి సంపాదించెను. తొలి దశాబ్దములలో కంపెనీకి సరకు సమకూర్చిన వారిలో బేరి తిమ్మన్న ప్రముఖుడు. అతని భాగస్వామియైన వీరన్న తరువాత ప్రధాన వర్తకుడయ్యెను.

కంపెనీకి ఓడలును వెండియు గలవు. గ్రామములందలి నేతవారిని చేరు దారి మాత్రము లేదు. ఋతుపవనములు ఓడకొరకు ఆగవు. కావున నమూనాకు సరిపోవు బట్టను సకాలమున అందింపగల వర్తకునికి కంపెనీ ముందుగా సొమ్ము ఈయక తప్పదయ్యెను. ఆ లోపమే వీరన్నకు బలము.

చెన్నపట్టణమునకు చేరువనున్న శాంతోము 1662లో గోల్కొండ వశమయ్యెను. 1672లో దానిని ఆక్రమించిన ఫ్రెంచివారు 1674లో విడిచిపోయిరి. పిమ్మట వీరన్న ఆ రేవును గోల్కొండ ప్రభుత్వమునుండి గుత్తకు గొనెను. దీనివలన ఇంగ్లీషువారికి అది శత్రువుల పాలు కాకుండెను. వీరన్నకు వేరొక రేవు చేతనుండుటచే బేరమాడు శక్తి పెరిగెను. గోల్కొండకు రాబడియు లభించెను. ఇట్లు అతడు ఉభయపక్షములకును కావలసినవాడయ్యెను. 1680లో అతడు మరణించినపుడు కోటనుండి ఫిరంగులు మ్రోగించి గౌరవించిరి.

అయితే ఎదుటివాని లోపము శాశ్వతము కాదు. 1687లో గోల్కొండ కూలెను. కాలక్రమమున ఫ్రెంచి, డచ్చి వర్తకములు క్షీణించెను. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఇంగ్లీషు కంపెనీ తన గుమాస్తాలద్వారా నేతవారిని సూటిగా చేరజొచ్చెను. మధ్యవర్తియైన వర్తకుని ప్రాముఖ్యము తగ్గెను. కొనువాడు ఒక్కడే మిగిలిన చోట నేతవానికి బేరమాడు దారియు మూసికొనిపోయెను.

వీరన్న ప్రజ్ఞ ప్రశంసనీయమే. కాని అది పలువురు కొనుగోలుదారులు తమలో తాము పోటీపడిన కాలమున ఫలించిన ప్రజ్ఞ. ఆ పోటీ అంతరించినపుడు వర్తకునికంటె నేతవాడే ఎక్కువగా నష్టపడెనని ఈ చరిత్ర తెలుపుచున్నది.